కొవ్వు, నెత్తురుగడ్డ : ఒక వ్యవహారవాక్యముపై విమర్శ

తెలుగుభాషలో "గడ్డకట్టుట" అను క్రియ రెండు వేర్వేరు కార్యములకు చెల్లుచున్నది. మార్గశిరమాసపు చలిలో గిన్నెలోని నెయ్యి గడ్డకట్టును. తెగిన వ్రేలినుండి కారిన నెత్తురును గడ్డకట్టును. మాట ఒక్కటి యగుటచే కార్యమును ఒక్కటియే యను భ్రాంతి కలుగుట సహజము. ఆ భ్రాంతి చాయలోనే తెలుగు గృహములందును, పత్రికల ఆరోగ్యశీర్షికలందును ఒక వాక్యము స్థిరపడినది: "గుండె రక్తనాళములో కొవ్వు పేరుకొని అడ్డుపడినది." బెంగళూరు ఆసుపత్రుల వరండాలలో నిలిచిన తెలుగు బంధువులు ఒకరికొకరు చెప్పుకొను మాటయు సాధారణముగా ఇదియే.

ఈ వాక్యము పూర్తిగా అసత్యము కాదు. కాని ఇందు కర్త మారినది. గుండెపోటు వచ్చిన గడియలో నాళమును మూసివేయునది చాలవరకు నెత్తురుగడ్డ. కొవ్వునకు ఈ కథలో పాత్ర లేదా యనిన, ఉన్నది. అది వ్యవహారవాక్యము చెప్పు పాత్రకంటె సూక్ష్మమైనది. పొట్టలో చేరిన కొవ్వు అచటనుండి కదలి గుండెకు పోదు. ఉన్నచోటనే యుండి, నెత్తురు గడ్డకట్టు స్వభావమును మార్చు సంకేతములను పంపును. గత మూడు దశాబ్దముల పరిశోధన చెప్పుచున్న విషయమిది. ఆ పరిశోధనలో ఎంత నిర్ణీతము, ఎంత అనుమానము, ఎంత అత్యుక్తి యను విచారణ ఈ వ్యాసమునకు ప్రయోజనము.

వాక్యపరీక్ష

మొదట "కొవ్వు" అను పదమును పరీక్షింపవలెను. వ్యవహారమున ఇది మూడు వస్తువులకు పేరుగా నున్నది. భోజనమునందలి నూనె, నెయ్యి మొదలగునవి ఒకటి. నెత్తురులో తిరుగు కొలెస్ట్రాలు మొదలగు పదార్థములు రెండవది. చర్మము క్రిందను, ఉదరాంతర్భాగమునను ఉండు కణజాలము మూడవది. ఈ మూడింటికిని సంబంధము కలదు కాని ఐక్యము లేదు. "నెయ్యి తిన్నందున నాళములో కొవ్వు పేరినది" అను మాటలో మొదటి వస్తువు ఒక్క గంతులో రెండవదిగను, మూడవదిగను మారిపోవుచున్నది. విమర్శకు నిలువని గంతు ఇది.

రెండవ పరీక్ష "గడ్డకట్టు" అను క్రియకు. నెయ్యి పేరుట భౌతికమైన మార్పు. వేడి తగ్గినచో ఘనమగును, వేడి తగిలినచో మరల ద్రవమగును. రెండు దశలయందును అది నెయ్యియే. నెత్తురు గడ్డకట్టుట రాసాయనికమైన మార్పు. ప్లాస్మాలో కరిగియున్న ఫైబ్రినోజెన్ అను ప్రోటీను, థ్రాంబిన్ అను ఎంజైము తాకిడిచే ఫైబ్రిన్ అను సన్నని నారలుగా మారును. ఆ నారల వలలో ప్లేట్‌లెట్లును, ఎఱ్ఱకణములును చిక్కుకొని గడ్డ యేర్పడును. థ్రాంబిన్ సైతము ఊరక పుట్టదు. ఒక అంశము మరియొక అంశమును మేల్కొలుపగా, అది వేరొకదానిని మేల్కొలుపగా, ఆ పరంపర చివర అది వెలువడును. ఆ పరంపరలోని అంశములనే వైద్యులు రోమను సంఖ్యలతో పిలుచుచున్నారు.

ఇంటిలోని పోలిక కావలెనన్నచో నేతిగిన్నెను విడిచి పెరుగుగిన్నెను చూడవలెను. చిటికెడు తోడు గిన్నెడు పాలను మార్చును. తోడుకొన్న పెరుగును పొయ్యిమీద పెట్టినంతమాత్రమున అది తిరిగి పాలు కాజాలదు. నెత్తురుగడ్డయు అట్టిదే. దానిని విడదీయుటకు ప్లాస్మిన్ అను వేరొక ఎంజైము వచ్చి నారలను తెంపవలెను. ఆరోగ్యవంతుని దేహములో ఈ కట్టుటయు విప్పుటయు ఒకదానికొకటి తూకముగా సాగుచుండును. తూకము కట్టువైపు ఒరిగినచో ప్రమాదము.

కొలెస్ట్రాలు పాత్ర నిజమైనదే. ధమని గోడలోపలి పొరలో అది చేరుటచే ఫలకము పెరుగుట ఏండ్లతరబడి సాగు పని. వ్యవహారవాక్యమునందలి సత్యాంశము ఇంతవరకే. ఫలకము నాళమును ఇఱుకు చేయును; కాని గుండెపోటు రూపమున ఒక్కసారిగా వచ్చు ఆపదలో సాధారణముగా జరుగునది వేరు. ఫలకపు పైపొర చిట్లును, లేదా ఒరసికొనిపోవును. లోపలి పదార్థములు నెత్తురునకు తగులును. వానిలో టిష్యూ ఫ్యాక్టర్ అను ప్రోటీను పైని చెప్పిన పరంపరను ప్రారంభించును. ఏండ్ల ఫలకముపై నిమిషములలో గడ్డ కట్టును. ఏండ్ల కథకును నిమిషముల కథకును ఒకే క్రియాపదము వాడుట వ్యవహారవాక్యము చేసిన ప్రధానదోషము.

బెంగళూరు సాక్ష్యము

పొట్టకొవ్వునకును గుండెకును గల సంబంధమును గూర్చి దూరదేశపు సాక్ష్యమును వెదుకనక్కరలేదు. 1996లో 'లాన్సెట్' పత్రిక బెంగళూరులో జరిగిన ఒక పరిశోధనను ప్రకటించినది. ప్రేమ్ పాయిస్, సలీం యూసఫ్ మొదలగువారు మొదటిసారి గుండెపోటు వచ్చిన 200 మందిని, వయసునందును లింగమునందును వారికి సరిపోలిన మరి 200 మందిని పోల్చిరి. ధూమపానము, రక్తపుపోటు, మధుమేహము ప్రమాదకారణములుగా తేలుట ఆశ్చర్యము కాదు. తేలిన మరియొక అంశము మాత్రము గమనింపదగినది. నడుము చుట్టుకొలతకును తుంటి చుట్టుకొలతకును గల నిష్పత్తి పెరిగినకొలది గుండెపోటు ప్రమాదమును పెరిగినది. అదియు స్థూలకాయులయందే కాక, ఆ కొలతల పరిధి యంతటను. నెత్తురులోని కొవ్వు పదార్థముల కొలతలు మాత్రము రెండు వర్గములను వేరుచేయలేకపోయినవి.

ఈ ఫలితమును పట్టుకొని కొలెస్ట్రాలు నిర్దోషి యని తీర్పు చెప్పుట తొందరపాటు. గుండెపోటు వచ్చిన పిదప నెత్తురులోని కొలెస్ట్రాలు కొంత తగ్గును. 400 మంది సంఖ్యయు పెద్దది కాదు. 2004లో 52 దేశముల సాక్ష్యముతో వెలువడిన 'ఇంటర్‌హార్ట్' పరిశోధనలో కొలెస్ట్రాలును మోయు ప్రోటీనుల నిష్పత్తి ప్రధాన ప్రమాదకారణములలో నొకటిగా నిలిచినది. కాని ఆ పరిశోధనయు నడుము కొలతను కొట్టివేయలేదు. దక్షిణాసియావాసులలో మొదటి గుండెపోటు వచ్చు మధ్యస్థ వయస్సు 53 ఏండ్లనియు, ఇతర దేశములవారిలో అది సుమారు 59 ఏండ్లనియు అందు తేలినది.

తెలుగునేలకు వచ్చినచో, 2003–04లో గోదావరి మండలమునందలి 45 గ్రామములలో, సుమారు 1,80,000 జనాభాయందు, ఒక సంవత్సరమున సంభవించిన 1,354 మరణములకు కారణములు విచారింపబడినవి. గుండె, రక్తనాళముల వ్యాధులచే కలిగినవి నూటికి 32. అంటువ్యాధులచే కలిగినవి నూటికి 12. ఇది నగరవాసుల వ్యాధి, ధనికుల వ్యాధి యను మాటకు ఆ గ్రామముల సాక్ష్యము చాలును.

ఇచట ప్రశ్న పుట్టుచున్నది. నడుము వద్దనున్న కొవ్వు, జానెడు దూరముననున్న గుండెకు అపకారమును ఏ దారిన చేయుచున్నది? కొంత మధుమేహము ద్వారా, కొంత రక్తపుపోటు ద్వారా అను సమాధానము పాతది, సత్యమైనది. నెత్తురు గడ్డకట్టు గుణము ద్వారా అను సమాధానము దానికి తోడైనది.

మేదస్సు పంపు సంకేతములు

చిరకాలము కొవ్వు కణజాలమును శాస్త్రజ్ఞులు గాదెవలె భావించిరి: మిగిలిన ధాన్యము వేయుచోటు, కరవువచ్చినప్పుడు తీయుచోటు. 1993లో హార్వర్డ్ విశ్వవిద్యాలయమున హోటామిస్‌లిగిల్, స్పీగెల్‌మన్ మొదలగువారు, స్థూలకాయములైన చిట్టెలుకల, ఎలుకల కొవ్వునుండి ట్యూమర్ నెక్రోసిస్ ఫ్యాక్టర్ అను శోథ సంకేతము వెలువడుచున్నదని చూపిరి. 1994లో ఫ్రీడ్‌మన్ బృందము కొవ్వు కణములు మెదడునకు పంపు లెప్టిన్ అను హార్మోను జన్యువును కనుగొన్నది. ఆ రెండేండ్లతో గాదె అను పోలికకు కాలము చెల్లినది. కొవ్వు ఒక గ్రంథివంటిది. దానికి పలుకు కలదు.

శోథ మన్నది వైద్యపరిభాషలో దెబ్బకును, క్రిమికిని దేహము చూపు ప్రతిక్రియ. వాడుకలో దీనిని "వాపు" అందురు. కాని ఇచట చెప్పు శోథమునకు వాపు లేదు, నొప్పి లేదు, జ్వరము లేదు. నివురుగప్పిన నిప్పువలె ఏండ్లతరబడి మందముగా సాగును. 2003లో అమెరికానుండి వెలువడిన రెండు పరిశోధనలు దాని మూలమును కొంత స్పష్టపరచినవి. కొవ్వు కణములు అతిగా ఉబ్బినకొలది మాక్రోఫేజులు అను రక్షకకణములు కణజాలమున గుమిగూడుచున్నవి. శోథ సంకేతములలో పెద్దభాగము వానినుండియే వచ్చుచున్నది.

ఆ సంకేతములలో నెత్తురుగడ్డ కథకు ముఖ్యమైనది ఇంటర్‌ల్యూకిన్-6. 1997లో లండనునందు మొహమ్మద్-అలీ, యడ్కిన్ మొదలగువారు మనుష్యుల పొట్టచర్మము క్రింది కొవ్వునుండి మరలివచ్చు సిరలోని నెత్తురును, ఆ కొవ్వులోనికి పోవు నెత్తురును పోల్చిరి. మరలివచ్చు నెత్తురులో ఇంటర్‌ల్యూకిన్-6 ఎక్కువగా నుండెను. మరుసటి యేట వేరొక బృందము, పేగులను కప్పియుండు కొవ్వు చర్మము క్రింది కొవ్వుకంటె రెండు మూడు రెట్లు అధికముగా ఈ సంకేతమును విడుచునని చూపినది. పేగులవద్ద కొవ్వునకు మరియొక విశేషము కలదు: దాని నెత్తురు ద్వారసిర గుండా తిన్నగా కాలేయమునకు పోవును. 2007లో మిక్కిలి స్థూలకాయులైనవారి ద్వారసిరలోని నెత్తురును చేతి ధమనిలోని నెత్తురుతో పోల్చగా, ద్వారసిరలో ఇంటర్‌ల్యూకిన్-6 నూటికి 50 వంతులు అధికముగా కనబడినది.

కాలేయము ఫైబ్రినోజెన్‌కు పుట్టినిల్లు. ఇంటర్‌ల్యూకిన్-6 అందినప్పుడు అది ఫైబ్రినోజెన్‌ను అధికముగా తయారుచేయును; సి-రియాక్టివ్ ప్రోటీనును గూడ విడుచును. గాయపడినప్పుడు ఇది మేలు చేయు ఏర్పాటు: నెత్తురు త్వరగా కట్టవలెను గదా! గాయము లేకయే ఆ సంకేతము ప్రతిదినము అందుచున్నచో, మేలుకొఱకైన ఏర్పాటే కీడునకు దారితీయవచ్చును.

ఇది మొదటి దారి. రెండవ దారి ఇంకను తిన్ననిది. ప్లాస్మిన్ పుట్టకుండ అడ్డగించు ప్రోటీను ఒకటి కలదు. దానిని సంక్షిప్తముగా పి.ఎ.ఐ.-1 అందురు. గడ్డను విప్పు శక్తికి ఇది కళ్లెము. 1996లో జపాను శాస్త్రజ్ఞులు ఎలుకలలోను, 1997లో ఫ్రాన్సునందలి మార్సెయి నగరమున అలెస్సీ, జుహాన్-వాగ్ మొదలగువారు మనుష్యులలోను కొవ్వు కణజాలమే పి.ఎ.ఐ.-1ను తయారుచేయుచున్నదని చూపిరి. శోథ సంకేతములు ఆ తయారీని పెంచును. పొట్ట పెరిగినవారి నెత్తురులో పి.ఎ.ఐ.-1 అధికముగా నుండుట పలుమారులు ధ్రువపడినది.

రెండు దారులను కలిపి చూచినచో మేదస్సు చేయు పని యిట్లున్నది: కట్టువాని చేతికి నూలు ఎక్కువ అందించును, విప్పువాని చేతులు పట్టుకొనును.

పూర్వపక్షములు

కథ ఇంత చక్కగా అమరినప్పుడే విమర్శకుడు జాగ్రత్తపడవలెను. ఈ సిద్ధాంతముపై నాలుగు ఆక్షేపణలు కలవు. వానిని దాటింపక లెక్కింపవలెను.

మొదటిది, ఎలుకకును మనిషికిని భేదము. 1993 నాటి సంకేతమైన ట్యూమర్ నెక్రోసిస్ ఫ్యాక్టర్ ఎలుకలలో ప్రధానపాత్ర. 1997 నాటి లండను పరిశోధనలో మనిషి చర్మము క్రింది కొవ్వు దానిని నెత్తురులోనికి విడుచుట కనబడలేదు. అది కణజాలములోనే యుండి ఇరుగుపొరుగు కణములపై పనిచేయవచ్చును. కావున ఎలుక ఫలితమును మనిషికి నేరుగా అన్వయించి వ్రాసిన ప్రతి వాక్యమును సందేహింపదగినదే.

రెండవది, కొవ్వు కణజాలము వేరు, కొవ్వు కణము వేరు. ఇంటర్‌ల్యూకిన్-6లో కొవ్వు కణములు స్వయముగా విడుచునది సుమారు పదవ వంతు మాత్రమే యని 1998 నాటి పరిశోధనయే చెప్పినది. పి.ఎ.ఐ.-1ను సైతము ప్రధానముగా తయారుచేయునవి కొవ్వు కణముల నడుమనుండు ఇతర కణములని 2002లో తేలినది. కొవ్వు ఇల్లు, మాటలాడువారిలో పెక్కురు ఆ యింట చేరినవారు.

మూడవది గంభీరమైనది: తోడుగా నుండుట వేరు, కారణమగుట వేరు. తర్కశాస్త్రము చదివినవారికి పొగ, నిప్పు దృష్టాంతము పరిచితమే. పొగను చూచి నిప్పును ఊహింపవచ్చును. పొగను చెదరగొట్టినంతమాత్రమున నిప్పు ఆరదు. సి-రియాక్టివ్ ప్రోటీను ఎక్కువగా నున్నవారికి గుండెజబ్బులు ఎక్కువ. ఐనను పుట్టుకతోనే ఆ ప్రోటీనును పెంచు జన్యుభేదములు గలవారికి గుండెజబ్బు పెరుగలేదని 2011 నాటి పెద్ద పరిశోధన చూపినది. అనగా అది పొగ. ఫైబ్రినోజెన్ విషయమునను జన్యుసాక్ష్యము ఇంచుమించు ఇట్లే యున్నది. దాని అధిక్యమొక్కటియే ధమనిలో గుండెజబ్బును కలిగించునని చెప్పుటకు చాలదు. ఇంటర్‌ల్యూకిన్-6 గ్రాహకమునకు సంబంధించిన జన్యుభేదము మాత్రము వేరుగా పలికినది. ఆ సంకేతపు పనిని తగ్గించు భేదము గలవారికి గుండెజబ్బు తక్కువ యని 2012లో రెండు పెద్ద పరిశోధనలు ఏకకంఠముగా చెప్పినవి. నిప్పు సంకేతమువద్ద నున్నదనుటకు ఇది సాక్ష్యము.

ఈ సాక్ష్యమును 2017లో వెలువడిన 'కాంటోస్' పరీక్ష మరియొక వైపునుండి బలపరచినది. పూర్వము గుండెపోటు వచ్చిన 10,061 మందిలో, ఇంటర్‌ల్యూకిన్-6కు పై మెట్టుననుండు ఇంటర్‌ల్యూకిన్-1 బీటా అను సంకేతమును ఒక మందుతో అణచగా, కొలెస్ట్రాలు మారకయే, మధ్యమోతాదు పొందినవారిలో గుండెపోటు, పక్షవాతము, హృద్రోగమరణము కలిసి నూటికి 15 వంతులు తగ్గినవి. కాని ప్రాణాంతకమైన అంటురోగములు పెరిగినవి. మొత్తము మరణముల సంఖ్యలో చెప్పదగిన భేదము లేకపోయినది. శోథమును మందుతో అణచుట క్షేమమను ప్రచారమునకు ఇది ఆధారము కాజాలదు.

నాలుగవది మిక్కిలి విలువైన ఆక్షేపణ. కొవ్వే దోషి యైనచో కొవ్వును తీసివేసినప్పుడు దోషము తగ్గవలెను గదా! 2004లో 15 మంది స్థూలకాయస్త్రీలకు శస్త్రచికిత్సచే పొట్టచర్మము క్రింది కొవ్వును పీల్చివేసిరి. ఒక్కొక్కరినుండి తీసినది సుమారు 10 కిలోలు. పదిపన్నెండు వారముల పిదప పరీక్షింపగా ఇంటర్‌ల్యూకిన్-6 మారలేదు, సి-రియాక్టివ్ ప్రోటీను మారలేదు, రక్తపుపోటును మారలేదు. ఆహారమును తగ్గించి, నడక పెంచి బరువు తగ్గినవారిలో మాత్రము ఇంటర్‌ల్యూకిన్-6, పి.ఎ.ఐ.-1 తగ్గుట పలు పరిశోధనలలో కనబడినది. ఈ రెండింటిని ప్రక్కప్రక్కన పెట్టినచో ఒక నిర్ణయము తోచుచున్నది. కొవ్వు మొత్తముకంటె అది ఉన్న చోటు ముఖ్యము; కణము నిండియున్న స్థితి ముఖ్యము. కత్తి కొన్ని కణములను తీసివేసినది. మిగిలిన కణములు ఎప్పటివలె ఉబ్బియే యున్నవి, పేగులవద్ద కొవ్వు తాకబడనేలేదు.

నాలుగు ఆక్షేపణల పిదప సిద్ధాంతమున నిలిచినది ఇంత. ఉదరమునందలి కొవ్వు శోథ సంకేతములను పంపుట నిశ్చయము. ఆ సంకేతములు ఫైబ్రినోజెన్‌ను, పి.ఎ.ఐ.-1ను పెంచుట నిశ్చయము. సిరలలో గడ్డకట్టు వ్యాధికి స్థూలకాయము కారణమగునని జన్యుసాక్ష్యమును బలపరచుచున్నది. ధమనులలో గుండెపోటునకు శోథమార్గము తోడ్పడుట మిక్కిలి సంభావ్యము. ఆ తోడ్పాటులో గడ్డకట్టు అంశముల వంతు ఎంత, ఫలకమును చిట్లించు శోథపు వంతు ఎంత యను లెక్క మాత్రము తేలవలసియున్నది.

కృశకాయుల సమస్య

"ఆయన సన్నగా నుండెను గదా, గుండెపోటెట్లు వచ్చినది?" అను ప్రశ్న తెలుగు ఇండ్లలో తఱచు వినబడును. 2004లో 'లాన్సెట్' పత్రికలో వచ్చిన ఒక చిన్న రచన ఈ ప్రశ్నకు చిత్రరూపమైన సమాధానము. పూనాకు చెందిన యాజ్ఞిక్, లండనుకు చెందిన యడ్కిన్ అను ఇద్దరు వైద్యశాస్త్రజ్ఞులు తమ ఛాయాచిత్రమును ప్రకటించిరి. ఎత్తుకును బరువునకును గల నిష్పత్తియైన దేహభారసూచి ఇద్దరికిని 22.3. దేహమునందలి కొవ్వు మాత్రము యడ్కిన్‌కు నూటికి 9.1, యాజ్ఞిక్‌కు నూటికి 21.2. తూకపుయంత్రము ఇద్దరిని సమానులని చెప్పినది. దేహములు మాత్రము సమానములు కావు. కొవ్వునుండి వెలువడు ఇంటర్‌ల్యూకిన్-6ను కొలిచిన బృందములోని యడ్కినే ఈ చిత్రములోని యడ్కిన్.

సన్నని కాళ్లుచేతులు, ముందుకు వచ్చిన చిన్న బొజ్జ: తెలుగుపురుషులలో ఈ ఆకృతి అరుదు కాదు. దానిని వయసుతో వచ్చిన నిండుదనమనియు, కలిమి గుర్తనియు మన్నించుట ఆచారము. బెంగళూరులో దినమంతయు కంప్యూటరు ముందర కూర్చుండి పనిచేయువారికి ఈ ఆకృతి ముప్పదియేండ్లకే వచ్చుచున్నచో, దానిని మన్నింపరాదు. భారతీయులకు నిర్ణయించిన హద్దు పురుషునకు నడుము 90 సెంటీమీటర్లు, స్త్రీకి 80. కొలుచుటకు కావలసినది దర్జీవాని టేపు. చివరి ప్రక్కటెముకకును తుంటియెముక పైయంచునకును నడుమ దానిని చుట్టవలెను.

మాట తప్పినచో కలుగు హాని

వ్యవహారవాక్యము తప్పైనంతమాత్రమున ఏమి కొంప మునిగినదని అడుగవచ్చును. మునుగుచున్న కొంపలు మూడు.

నేతిగిన్నె పోలికను నమ్మినవారు కొవ్వును "కరిగించు" ఉపాయములను వెదకుదురు. వేడినీరు, కషాయములు, పొట్టకు కట్టు పట్టీలు ఈ నమ్మకముమీదనే అమ్ముడగుచున్నవి. మనిషి కొవ్వు దేహపు వేడికి ఇంచుమించు ద్రవముగనే యుండును. కరిగియున్నదానిని మరల కరిగించుట యేమి? ఆ కొవ్వు తగ్గవలెనన్నచో దేహము దానిని ఖర్చుపెట్టవలెను. అందుకు మితభోజనము, నడక తప్ప దగ్గరదారి లేదు. ఇట్టివారే వైద్యుడిచ్చిన మాత్రలను మాని కషాయమును నమ్ముకొనుట విచారకరము.

"రక్తమును పలుచన చేయు మందు" అను మాటయు ఇట్టిదే. ఆస్పిరిన్ ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అంటుకొనుటను తగ్గించును. వార్ఫరిన్ కాలేయములో విటమిను-కె ఆధారముగా తయారగు అంశములను తగ్గించును. రెండును నెత్తురును నీళ్లవలె పలుచన చేయవు. ఈ భేదము తెలిసినచో, వార్ఫరిన్ వాడువారు ఆకుకూరలు ఒకదినము మెండుగా తిని మరియొకదినము మానుట ఏల కూడదో తెలియును. ఆ కూరలలోనే విటమిను-కె అధికము. శోథమును, గడ్డకట్టు అంశములను కొలిచెదమను పరీక్షల మూటలను గూర్చియు ఒక మాట చెప్పవలెను. ఇంటర్‌ల్యూకిన్-6, పి.ఎ.ఐ.-1 కొలతలు పరిశోధనాలయమునకు విలువైనవి. ఆరోగ్యముగా నున్న గృహస్థునకు వానివలన తెలియునది, దర్జీ టేపు చెప్పుదానికంటె హెచ్చుగా నుండదు.

ప్రాచీనులను సాక్ష్యమునకు పిలుచువారును కలరు. చరకసంహిత సూత్రస్థానములో అష్టనిందితులయందు అతిస్థూలుడు ఒకడు. ఆయుర్వేదము మేదస్సును సప్తధాతువులలో ఒకటిగా లెక్కించినది. ఆ పరిశీలన గౌరవింపదగినది. దానిలో ఇంటర్‌ల్యూకినులను చదువుట మాత్రము చరకునకు గౌరవము కాదు, శాస్త్రమునకు మేలు కాదు.

మూడవ హాని అన్నిటికంటె పెద్దది. 2008లో ప్రకటింపబడిన 'క్రియేట్' నివేదిక దేశమునందలి 50 నగరములలో 89 ఆసుపత్రులకు వచ్చిన 20,468 మంది హృద్రోగుల వివరములను కూర్చినది. సెయింట్ జాన్స్ సంస్థకు చెందిన డెనిస్ జేవియర్ ఆ నివేదిక రచయితలలో ప్రథముడు. వారిలో నూటికి 60 మందికి పైగా వచ్చినది, నాళము సాధారణముగా గడ్డచే పూర్తిగా మూసుకొనిపోవు తీవ్రమైన గుండెపోటు. బాధ మొదలైనది మొదలు ఆసుపత్రి చేరువరకు పట్టిన మధ్యస్థ కాలము 360 నిమిషములు.

ఆరు గంటలు! గడ్డను విడదీయు సూదిమందైనను, నాళమును తెఱచు చికిత్సయైనను మొదటి గంటలలో చేయు మేలు తరువాతి గంటలలో చేయజాలదు. ఆ జాప్యమునకు దూరము, పేదరికము, వాహనములేమి, "గ్యాసు నొప్పి" యను అపోహ మొదలగు పెక్కు కారణములు కలవు. వానిలో మాటకును ఒక వంతు కలదు. "కొవ్వు పేరుకొనినది" అను వాక్యము ఏండ్ల కథను చెప్పును. విన్నవారికి తొందర కలుగదు. ఇన్నాళ్లు పేరినది తెల్లవారువరకు ఆగదా యని తోచును. "నాళములో నెత్తురు గడ్డకట్టినది" అను వాక్యము నిమిషముల కథను చెప్పును. విన్నవాడు చెప్పులైనను తొడుగుకొనక బండి పిలుచును.

కావున ఆరోగ్యవిషయములను తెలుగున వ్రాయువారు ఇకమీదట ఈ రెండు వాక్యములను వేరువేరుగా వాడుట యుక్తము. పొట్టకొవ్వును గూర్చి వ్రాయునప్పుడు అది పంపు సంకేతములను చెప్పవలెను. ఏండ్ల జాగ్రత్తను బోధింపవలెను. గుండెపోటును గూర్చి వ్రాయునప్పుడు నెత్తురుగడ్డను చెప్పవలెను, గడియారమును చూపవలెను. రొమ్ములో బరువు, ఎడమచేతికో దవడకో ప్రాకు నొప్పి, చల్లని చెమట కనబడిన యింట, గడ్డను విప్పు సాధనములున్న ఆసుపత్రి త్రోవ ముందుగనే తెలిసియుండుట, నేతిగిన్నె పోలికను నమ్మి తెల్లవారువరకు వేచియుండుటకంటె శ్రేయస్కరము.